ఎనిమిది వస్తే ఏమవుతుంది?

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివర ఉండే ఆటో కుర్రాడు ఇంటికొచ్చాడు. ఫైనాన్సు మీద కొత్త ఆటో తీసుకున్నాడు, ఇంకా పర్మినెంటు నంబరు రాలేదు. "సార్, మీరిలాంటివి నమ్మరని తెలుసు. అయినా ఒక మాట అడుగుతా, తిట్టొద్దు" అన్నాడు. తిట్టనని మాటిచ్చి కూర్చోమన్నాను.

విషయం ఏమిటంటే, అతని పుట్టినతేదీ చూసి ఒక సంఖ్యాశాస్త్ర పండితుడు తేల్చి చెప్పాడట: "నీకు ఎనిమిది పడదు. కూడితే ఎనిమిదొచ్చే బండి ఎక్కావో, ఏడాది తిరక్కుండా ప్రాణగండం." ఈ ఒక్క ముక్కకు వెయ్యిన్నూట పదహార్లు పుచ్చుకున్నాడు. ఇప్పుడు కోరుకున్న నంబరుకి ఆఫీసులో కట్టాల్సింది కొంత, మధ్యలో ఏజెంటుకి ఇవ్వాల్సింది కొంత. అదంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చే ఏర్పాట్లలో ఉన్నాడు. నన్నడగడానికి వచ్చింది అప్పు కోసం కాదు. "ఇది నిజమేనా సార్?" అని అడగడానికి వచ్చాడు. ఇంట్లో భార్య ఏడుస్తోందట, నంబరు మార్చకపోతే బండి ఎక్కనివ్వనని.

పదిమందిలో చెబితే నవ్వుతారు. "పోనీండి, వాడి నమ్మకం వాడిది, మీకేం నష్టం?" అంటారు. ఈ 'మీకేం నష్టం' అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. నాకు నష్టం లేదు, నిజమే. వాడికుంది. నెలనెలా ఫైనాన్సు వాయిదా, దాని మీద ఈ వడ్డీ. ఆ వడ్డీ కట్టడానికి రాత్రి పన్నెండు దాటాక కూడా ఆటో తిప్పుతాడు. నిద్ర కళ్ళతో నడిపే ఆటోకి ప్రాణగండం ఉంటుంది, దానికి ఏ పండితుడూ అక్కర్లేదు.

సరే, ముందు ఆ ప్లేటు మీద ఏముందో చూద్దాం. 1989 నుంచి మన దేశంలో నడుస్తున్న పద్ధతి ఇది: మొదట రాష్ట్రానికి రెండక్షరాలు, తర్వాత రిజిస్టరు చేసే ఆఫీసుకో జిల్లాకో రెండంకెలు, తర్వాత సిరీసు అక్షరాలు, చివర నాలుగంకెలు. ఆ నాలుగంకెలు 9999 దాకా వెళ్ళగానే సిరీసు అక్షరం మారి మళ్ళీ మొదటికొస్తుంది. సిరీసులో మామూలుగా ఐ, ఓ అక్షరాలు వాడరు, ఒకటి అనీ సున్నా అనీ పొరబడతారని. ఇందులో రహస్యమేమీ లేదు. గుద్ది పారిపోయే బండిని చూసినవాడు ఆ నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకుని పోలీసులకి చెప్పగలగాలి, వాళ్ళు ఆ బండి యజమానిని పట్టుకోగలగాలి. అందుకే ఈ ఏర్పాటు. మన పెద్దబజారులో గోనెసంచుల మీద రంగుతో గుర్తులు వేస్తారు చూడండి, అదే పని. సంచిలో బియ్యం ఉన్నాయా నూకలున్నాయా అన్నది ఆ గుర్తు వల్ల మారదు.

ఇప్పుడు పండితుడి లెక్కకొద్దాం. నాలుగంకెలూ కూడాలి, రెండంకెలొస్తే మళ్ళీ కూడాలి, ఒక్క అంకె మిగిలేదాకా. నా పాత స్కూటరు నంబరు 2609. కూడితే పదిహేడు, మళ్ళీ కూడితే ఎనిమిది. ఇదేదో గూఢవిద్య అనుకోకండి. ఆ సంఖ్యని తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం, అంతే (శేషం సున్నా అయితే తొమ్మిది అంటారు). మా చిన్నప్పుడు లెక్కల మాష్టారు హెచ్చవేతలు సరిచూసుకోవడానికి ఇదే నేర్పేవారు. ఆయన దానికి ఫీజు తీసుకోలేదు, గండం ఉందని భయపెట్టలేదు.

తొమ్మిదే ఎందుకు? మనం పదుల్లో లెక్కపెడతాం కాబట్టి. పదుల్లో ఎందుకంటే మన చేతులకి పది వేళ్ళున్నాయి కాబట్టి. ఎనిమిది వేళ్ళుండి ఎనిమిదుల్లో లెక్కపెట్టే మనుషులైతే నా స్కూటరు నంబరునే 5061 అని రాసుకునేవాళ్ళు, వాళ్ళ పద్ధతిలో అంకెలు కూడుకుంటూ పోతే చివరికి అయిదు మిగిలేది. అదే స్కూటరు, అదే సంఖ్య. శనిదేవుడు మన వేళ్ళు లెక్కపెట్టుకుని మరీ పట్టుకుంటాడా?

కొందరు అక్షరాలు కూడా కలుపుతారు. అసలు తమాషా ఇక్కడుంది. ఇంగ్లీషు అక్షరాలకి అంకెలు కట్టడంలో వీళ్ళలో వీళ్ళకే రెండు బడులు. ఒకటి పైథాగరస్ పద్ధతి, రెండోది కాల్డియన్ పద్ధతి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బండ్లకి టీఎస్ అని పెట్టారు, 2024 మార్చిలో దాన్ని టీజీ చేశారు. పైథాగరస్ పద్ధతిలో టీకి 2, ఎస్‌కి 1, జీకి 7. అంటే టీఎస్ 3, టీజీ 9. రాష్ట్రం జాతకమే మారిపోయింది! కాల్డియన్ పద్ధతిలో టీకి 4, ఎస్‌కీ 3, జీకీ 3. అంటే అప్పుడూ ఏడే, ఇప్పుడూ ఏడే, ఏమీ మారలేదు. కాయితం, పెన్సిలు తీసుకుని మీరే వేసి చూసుకోండి. రెండూ 'వేల ఏళ్ళ శాస్త్రాలే'. ఒక శాస్త్రం మారిందంటుంది, ఇంకోటి మారలేదంటుంది. ఇద్దరు డాక్టర్లలో ఒకరు జ్వరం నూటనాలుగనీ ఇంకొకరు అసలు జ్వరమే లేదనీ అంటే మనం థర్మామీటరు అడుగుతాం. ఇక్కడ థర్మామీటరు ఏది? ఇంకో సంగతి, పైథాగరస్ గ్రీకువాడు, క్రీస్తుకి పూర్వం ఆరో శతాబ్దం మనిషి. ఇప్పటి ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ ఆయన కలలో కూడా చూసి ఉండడు. ఆయన పేరు చెప్పుకుని డబ్ల్యూకి అంకె కడుతున్నారు.

ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకా బాగుంటుంది. 2019లో కొత్త బండ్లకి జిల్లాకో కోడ్ తీసేసి రాష్ట్రమంతటికీ 39 పెట్టారు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అప్పుడు అందరికీ ముప్ఫై తొమ్మిదే వచ్చింది. ఆ 39 అఫ్ఘానిస్తాన్‌లో ఎలాంటి నంబరో తెలుసా? 2011లో కాబూల్లో ఆ అంకె ఉన్న బండి ఎక్కడానికి జనం సిగ్గుపడ్డారు. ఆ నంబరుకీ ఒక తార్పుడుగాడికీ ముడిపెట్టిన కథ ఒకటి ఊరంతా పాకింది. ప్లేటు మీద 39 ఉంటే పిల్లలు వెంటపడి గేలి చేసేవాళ్ళు, బండ్లు అమ్ముడుపోయేవి కావు, అంకెలు దిద్దించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అదే అంకె తగిలించుకుని మనవాళ్ళు ఇప్పటికీ తిరుమల వెళ్ళొస్తున్నారు, ఎవరికీ ఏ సిగ్గూ లేదు. అవమానం అంకెలో ఉంటే హిందూకుష్ పర్వతాలు దాటేసరికి ఎక్కడ రాలిపోయినట్టు?

ఎనిమిది గురించీ అంతే. మనకి శని. చైనా వాళ్ళకి అదే మహాభాగ్యం. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌ని ఎనిమిదో నెల, ఎనిమిదో తేదీ, రాత్రి ఎనిమిది గంటలకి మొదలుపెట్టారు. మన హర్యానాలోనే 2025 నవంబరులో నాలుగు ఎనిమిదుల నంబరుకి వేలంలో 1.17 కోట్ల పాట పలికింది. (తర్వాత పాడినాయన డబ్బు కట్టలేదనుకోండి, అది వేరే కథ.) అంతదూరం ఎందుకు? పెళ్ళిలో చదివింపులు నూట పదహార్లు రాయించని తెలుగువాడు ఉన్నాడా? ఒకటీ ఒకటీ ఆరూ కూడండి. ఎనిమిది! తరతరాలుగా కొత్త దంపతుల చేతిలో శనిని పెట్టి అక్షింతలు వేస్తున్నామన్నమాట. ఈ మాట ఒక పండితుడితో అంటే, "డబ్బుకి వేరే లెక్క" అన్నాడు. ఎప్పుడూ వేరే లెక్కే.

420 నంబరు బండి వస్తే ఏడుపు మొహం పెట్టేవాళ్ళని చూశాను. ఆ భయానికి శని కారణం కాదు, భారత శిక్షాస్మృతిలో మోసం సెక్షను కారణం. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతే లేదు. భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం 318వ సెక్షనులోకి వెళ్ళింది. మరి ఇకనుంచి 318ని వదిలేసి 420ని కళ్ళకద్దుకుంటారా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నా ఎనిమిది స్కూటరు ఇరవై రెండేళ్ళు నడిచింది. ఒక్కసారి పడ్డాను, రోడ్డు మీద ఇసుక ఉంటే బ్రేకు వేసి. ఆ ఇసుకకి నంబరు లేదు. కానీ ఈ స్కూటరు కథని రుజువుగా చూపిస్తే నేనూ పండితుడి పక్కన కూర్చోవాల్సిందే. ఒక బండి క్షేమంగా ఉండటం దేన్నీ తేల్చదు, ఒక బండి బోల్తా పడటమూ తేల్చదు. గుజరాత్ మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీ తన బండ్లకి 1206 నంబరు ఇష్టపడి పెట్టుకున్నారని పత్రికలు రాశాయి. కూడితే తొమ్మిది, అందరూ కోరుకునే అంకె. ఆయన 2025 జూన్ 12న, అంటే 12-06నాడు, అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో చనిపోయారు. నిన్నటిదాకా అదృష్ట సంఖ్య, తెల్లారేసరికి విధి రాసిన సంఖ్య అయిపోయింది. ఆ విమానంలో ఉన్న మిగతా వాళ్ళ బండి నంబర్లు ఎవరూ అడగలేదు. ఆ విషాదం వల్ల తొమ్మిది చెడ్డదని నేననను. బతికినా చచ్చినా రెండింటికీ సరిపోయే జోస్యం దేనికీ పనికిరాదని మాత్రం అంటాను.

మరి తేల్చేదెలా? ఇది తేల్చలేని విషయం కాదు, అదే నా కోపం. దేవుడున్నాడా అనే ప్రశ్నలా దీన్ని తరాల తరబడి వాదించుకోనక్కర్లేదు. 1 నుంచి 9999 దాకా ఉన్న సంఖ్యల్లో కూడితే ఎనిమిదొచ్చేవి సరిగ్గా 1111. తొమ్మిదొచ్చేవీ 1111. ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకెకీ 1111 చొప్పున, ఎవరో పంచిపెట్టినట్టు సమానంగా వస్తాయి. ఇంత చక్కటి ప్రయోగశాల ఏ శాస్త్రజ్ఞుడికీ దొరకదు. కోట్ల బండ్ల రిజిస్ట్రేషన్లు ప్రభుత్వం దగ్గర కంప్యూటర్లో ఉన్నాయి, ప్రమాదాల కేసులు పోలీసుల దగ్గరున్నాయి. ఎనిమిది ప్రాణగండమైతే ప్రమాదాల్లో ఎనిమిది వాటా తొమ్మిదింట ఒక వంతు కంటే ఎక్కువ కనబడాలి. ఒక్క మెలిక చూసుకోవాలి. డబ్బుపెట్టి తొమ్మిది కొనుక్కునేవాడి దగ్గర పెద్ద కారు, గాలిసంచులు, జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరు ఉంటారు. కాబట్టి ఎవరూ కోరుకోకుండా కంప్యూటరు ఇచ్చిన నంబర్లున్న ఒకే రకం బండ్లని పోల్చాలి. ఏ సంఖ్యాశాస్త్ర పండితుడైనా ఈ పరీక్షకి సిద్ధమా? 1963లో సిలోన్‌లో అబ్రహాం కోవూర్ అతీంద్రియ శక్తి రుజువు చేస్తే లక్ష రూపాయలిస్తానని సవాలు చేశాడు. 1978లో ఆయన పోయేదాకా ఆ లక్ష ఎవరూ గెలుచుకోలేదు. వీళ్ళు పరీక్షకి రారు, వెయ్యిన్నూట పదహార్లకి మాత్రం వస్తారు.

ఈ పరీక్ష డబ్బు లాభం కోసం చేయగలిగినవాళ్ళు ఒకరున్నారు. బీమా కంపెనీలు. ప్రమాదం ఎవరికి ఎక్కువ జరుగుతుందో ముందే కనిపెట్టడమే వాళ్ళ వ్యాపారం. బండి రకం అడుగుతారు, ఇంజను సామర్థ్యం అడుగుతారు, వయసు, విలువ చూస్తారు, హైదరాబాదు లాంటి మహానగరంలో రిజిస్టరైందా బయట రిజిస్టరైందా అని చూస్తారు. ప్లేటులో వాళ్ళకి పనికొచ్చేది ఆ ఊరి ముక్క ఒక్కటే. కూడితే ఎంతొస్తుందని ఇంతవరకూ ఏ బీమా ఏజెంటైనా మిమ్మల్ని అడిగాడా? పైసకి పైస చూసుకునేవాళ్ళు ఎనిమిది బండ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసే అవకాశం ఉంటే ఊరుకుంటారా?

ఇంకోటి. బండికి ఉన్నది ఒక్క నంబరా? ఛాసిస్ మీద పదిహేడు అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. బండి పుట్టినచోటే చెక్కే నంబరు అది, బండి పోయేదాకా మారదు. మన దేశంలో తయారైన చాలా కార్లకి అది ఎంఏ అని మొదలవుతుంది, ఏ కంపెనీ చేసిందో మూడో అక్షరం దగ్గరే తెలిసిపోతుంది. ఇంజను మీద ఇంకో నంబరు. బీమా పాలసీకో నంబరు, ఫాస్టాగ్‌కో నంబరు. శని వీటిలో ఏది చదువుతాడు? బండికి అసలు జాతకం అంటూ ఉంటే అది ఛాసిస్ నంబరే కావాలి కదా. దాన్ని కూడి చూడమన్న పండితుణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎందుకంటే దాన్ని మార్చడం నేరం. మార్చలేని నంబరుతో వ్యాపారం లేదు.

అంకెల్ని కూడి ఏదో కనిపెట్టడం పూర్తిగా వెర్రిపని అని మాత్రం అనుకోకండి. నిజంగా పనిచేసే కూడికలున్నాయి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకి దరఖాస్తు చేసిన లెక్క ఈరోజు మీ బ్యాంకు కార్డు మీద, ఫోను ఐఎంఈఐ నంబరులో ఉంది. 472 అనే సంఖ్య తీసుకోండి. కుడి చివరి అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి: 2 నాలుగవుతుంది, 7 అలాగే ఉంటుంది, 4 ఎనిమిదవుతుంది. మొత్తం పందొమ్మిది. ఇరవై కావడానికి ఒకటి కావాలి కాబట్టి చివర 1 తగిలిస్తారు, 4721. ఎవరైనా పొరబాటున 7421 అని కొడితే లెక్క పదుల్లోకి రాదు (రెట్టింపు పద్నాలుగైతే ఆ రెండంకెలూ కూడి అయిదు అనుకోవాలి), యంత్రం వెంటనే "తప్పు" అంటుంది. పండితుడి కూడికలో 4721కీ అయిదే, 7421కీ అయిదే. రెండంకెలు తారుమారైతే కూడా పట్టుకోలేని లెక్క మన ప్రాణం పోయే తేదీ పట్టుకుంటుందట! ఆధార్‌లో పన్నెండో అంకె కూడా ఇలాంటి కాపలా అంకే, వెర్హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడి పద్ధతి. మిగతా అంకెల్లో మన ఊరు, కులం, వయసు, ఏ సమాచారమూ ఉండకూడదనే కావాలని అడ్డదిడ్డంగా ఇస్తారు. దాన్నీ కూడి ఫలం చెబుతున్నారు ఇప్పుడు.

ఇంతవరకూ నవ్వుకుంటూ రాశాను. ఇప్పుడు చెప్పేది నవ్వుతూ రాయలేను.

మా పెదనాన్నగారి అబ్బాయి ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. వరసగా కష్టాలొస్తుంటే ఎవరో చెప్పిన మాట విని పేరులో ఇంగ్లీషు ఏ అక్షరం ఒకటి ఎక్కువ చేర్చుకున్నాడు. కూడితే మంచి అంకె వస్తుందట. కొత్త బ్యాంకు ఖాతా కొత్త స్పెల్లింగుతో తెరిచాడు, పాన్ కార్డు మార్పించుకున్నాడు. ఫ్యాక్టరీ రికార్డుల్లో, పదో తరగతి సర్టిఫికెట్లో పాత పేరే ఉండిపోయింది. 2019లో గుండెపోటుతో పోయాడు, నలభై ఆరేళ్ళకి. ఆ తర్వాత వదిన పడిన పాట్లు నేను దగ్గరుండి చూశాను. ఒక కాయితంలో ఒక అక్షరం ఎక్కువ, ఇంకో కాయితంలో తక్కువ. ఇద్దరూ ఒకే మనిషని రుజువు చేయమన్నారు. స్టాంపు కాయితం మీద అఫిడవిట్టు, పత్రికలో ప్రకటన, తహసీల్దారు సంతకం, మళ్ళీ మొదటికి. పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో పెద్దపిల్ల కాలేజీ మానేసింది. ఆఫీసుల్ని తిట్టుకోవచ్చు, తిట్టుకున్నాను కూడా. కానీ ఆ కౌంటరు వెనకున్న గుమాస్తా అడిగింది తప్పు ప్రశ్న కాదు. పేరూ నంబరూ ఉన్నదే ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరుచేయడానికి. అక్షరం మారితే మనిషి మారాడనే రికార్డు అనుకుంటుంది. అనుకోవాలి కూడా, లేకపోతే ఎవడి డబ్బు ఎవడైనా పట్టుకుపోతాడు. పాన్ నంబరులో నాలుగో అక్షరం మనిషా కంపెనీయా చెబుతుంది, మనిషైతే అది పీ. అయిదోది దరఖాస్తులో చివరిపేరు గడిలో రాసినదాని మొదటక్షరం (ఇంటిపేరు ముందు రాసుకునే మన తెలుగువాళ్ళని ఈ గడి ఎంత తికమక పెడుతుందో వేరే చెప్పాలి). ఇలా ప్రతి గుర్తుకీ ఒక పనుంది. ఆ పనిని పాడుచేసి, దానిమీద లేని పనిని అంటగట్టి, డబ్బు జేబులో వేసుకుని వెళ్ళినవాణ్ణి మాత్రం ఎవరూ ఏ అఫిడవిట్టూ అడగలేదు.

డబ్బున్నవాడు నాలుగు తొమ్మిదులకి లక్షలు పోస్తే నాకేం బాధ లేదు. 2024లో హైదరాబాదు ఖైరతాబాద్ ఆఫీసులో ఒక 9999 పాతిక లక్షలు దాటింది. అది వాడి దర్పం, ఖజానాకి లాభం, కానివ్వండి. కానీ దర్పం వేరు, భయం వేరు. ఆటోవాడు కొనేది దర్పం కాదు.

ఇదంతా ఆ కుర్రాడికి ఇంత పొడుగ్గా చెప్పలేదు. మూడు మాటలే చెప్పాను. నూట పదహారు కూడమన్నాను. బీమా ఏజెంటుని ఎనిమిది గురించి అడిగి రమ్మన్నాను. నా స్కూటరు నంబరు చూపించాను, అది రుజువు కాదని చెబుతూనే. తల గోక్కుంటూ వెళ్ళాడు.

నిన్న సాయంత్రం ఆటో తెచ్చి గేటు ముందు ఆపాడు. అప్పు చేయలేదట, కంప్యూటరు ఇచ్చిన నంబరే తీసుకున్నాడు. కూడి చూశాను, నాలుగొచ్చింది. "ఎనిమిదైనా తీసుకునేవాణ్ణి సార్" అన్నాడు. నమ్మానో లేదో నాకే తెలియదు. బండి ముందు చక్రం పైన కొత్త నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను వాటివైపు చూడటం చూసి, "పది రూపాయలే సార్, మా ఆవిడ ఊరుకోలేదు" అన్నాడు.